జానెడు ఎత్తు

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే బస్సులో ఒక ముసలి కమ్మరి నా పక్కన కూర్చున్నాడు. అతని కాళ్ల మధ్య బరువైన చింతమొద్దు ఉంది. ఎందుకని అడిగాను.

"ఇనుము కొట్టే దాగలి కిందికబ్బా. గవర్నమెంటోళ్లు దానికి ఉచితమని ఇనప స్టాండు ఇచ్చినారు, థూ!" అని కిటికీలోంచి ఉమ్మాడు. "నేను కూసోని కాలిన ఇనుము పట్టుకుంటా. నా పెండ్లాం నిలబడి సమ్మెటతో కొడతాది. నడుమెత్తున దాగలి పెడితే ఆమె సమ్మెట యాడికెత్తాల? నెలకే బుజం పొయ్యింది."

వంగి నా పాదం పక్కన జాన నిలబెట్టాడు.

"మొద్దు పాతినాక ఇంతే పైకుండాల. ఆ స్టాండు గీసినోడు ఒక్క కొలిమి కాడన్నా కూసున్నాడా?"

కూర్చోలేదు. గీసింది నేనే. నా ఆఫీసు బల్ల ఎత్తు చూసి గీశాను.

"నువ్వేం పని సేస్తావబ్బా?"

"బడిపంతుల్ని" అని అబద్ధమాడాను.

"అట్టయితే ఈ కొలత పిల్లోళ్లకు నేర్పు సామీ" అంటూ మొద్దును తన వైపు జరుపుకుని నా కాళ్లకు చోటిచ్చాడు.

అతను ఉమ్మింది కిటికీ బయటికే. ఇప్పటికీ నేను స్కేలు పట్టుకుంటే అది నా మొహం మీదే పడుతుంది.