కొలతలమ్మ నీళ్ళు తాగడం మానేసిన వారం

ఆ వీధిలో ఆవిణ్ణి అందరూ కొలతలమ్మ అనేవాళ్ళు. నలభై ఏళ్ళు ఆడవాళ్ళ బట్టలు కుట్టింది. ఒక్కసారి టేపు పట్టిందంటే చాలు, రాసుకునే పనే లేదు. "పోయినసారి కంటే నడుము అంగుళం పెరిగింది, నోరు కాస్త కట్టుకో" అని మొహం మీదే అనేది. ఆ నోటికి జడుస్తూనే, చేతిపనికి మెచ్చి జనం వచ్చేవాళ్ళు.

అరవై ఆరో ఏట ఒక గౌనుకి రెండు చేతులూ ఎడమవే కత్తిరించింది. గుండీలు, కాజాలు కుట్టే చెల్లెలు అది చూసి, "అక్కా, ఇవి రెండూ ఒకవైపువే" అంది.

కొలతలమ్మ తన చేతిని అనుమానించలేదు. చెల్లెల్నే అనుమానించింది.

"నేను సరిగ్గానే కోశాను. నువ్వే మార్చావు."

"నేనెందుకు మారుస్తాను?"

"నా పేరు పోతే నీ పేరు నిలబడుతుందని!"

చెల్లెలు తన కాజాల పనిలో పడింది. మొగుడు పోయాక పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లోనే ఉంటోంది. కొలతలమ్మ మర్నాడు కత్తెర దాచింది, ఎక్కడ దాచిందో మర్చిపోయింది. అది పప్పు డబ్బాలో దొరికితే కొడుకుని పిలిచి, "చూడరా, మీ పిన్ని దొంగకి తేలు కుట్టినట్టు ఎలా నోరు మూసుకుందో" అంది.

కొడుకు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే ఉద్యోగి. కాపురం రెండు వీధుల అవతల. తల్లి అన్న మాట నమ్మలేదు గానీ పూర్తిగా కొట్టిపారెయ్యనూ లేదు. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. పరీక్షలన్నీ అయ్యాక అల్జీమర్స్ అని తేలింది.

"ఇది మొదటి దశ," అంది డాక్టరమ్మ. "కొందరిలో ఏళ్ళ తరబడి నింపాదిగా నడుస్తుంది, కొందరిలో తొందరగా ముదురుతుంది. ముందే చెప్పలేం. జబ్బుని ఆపలేం కానీ, దాన్ని వెనకనుంచి తోసేవి కొన్ని ఉంటాయి. బీపీ, షుగరు, చెవుడు, నిద్ర లేకపోవడం, మాట్లాడే మనిషి లేకపోవడం. వాటిని చూసుకోండి."

చూసుకున్నారు. చెవికి మిషను పెట్టించారు. రెండేళ్ళు మెల్లగానే గడిచాయి. కుట్టుమిషను మూలకి చేరింది. తేదీలు పోయాయి, తర్వాత వీధి మలుపులు పోయాయి. చెల్లెలు పాత బట్టలిస్తే కూర్చుని కుట్లు విప్పేది. అన్నం తనే కలుపుకుని తినేది. అనుమానం మాత్రం తగ్గలేదు.

అలాంటిది నాలుగు రోజుల్లో మనిషి కుప్పకూలింది. కూర్చోలేకపోయింది. గోడలో ఎవరో ఉన్నారని చేతులు ఊపేది, అంతలోనే మత్తుగా వాలిపోయేది. చెంచా చేతికిస్తే దాన్ని ఏం చెయ్యాలో తెలియలేదు.

కొడుకు తల్లి మంచం దగ్గర నిలబడి, "ఆదివారం దాకా బాగానే ఉంది. ఏం పెట్టావు పిన్నీ?" అన్నాడు.

"నన్నడుగుతున్నావా?"

"ఇంట్లో ఉన్నది నువ్వే కదా."

అతను వంటింటి అల్మరా తెరిచి సీసాలు ఒక్కొక్కటే వాసన చూశాడు. పిన్ని గుమ్మంలో నిలబడి చూసింది. ఆవిడకీ ఒక అనుమానం ఉంది. తను కాస్త నడుం వాలుస్తుందని రోజూ మధ్యాహ్నం ఇతను వచ్చి కూర్చుంటున్నాడు. ఇతను వెళ్ళాకే అక్క ఎక్కువ మత్తుగా పడుకుంటోంది. ఆ మాట పైకి అనకుండా, అతను తీసిన సీసాలు మళ్ళీ సర్దింది.

ఆ సాయంత్రం ఇద్దరూ ఆవిణ్ణి తీసుకెళ్తే డాక్టరమ్మ తిన్నగా అడిగింది. "ఈ జబ్బు నాలుగు రోజుల్లో ఇంత కిందికి దిగదు. దిగిందంటే వేరే కారణం వెతకాలి. ఏమేం మందులు వేస్తున్నారు? అన్నీ."

కొడుకు జేబులోంచి జలుబు సిరప్ తీసి బల్ల మీద పెట్టాడు. "మధ్యాహ్నం గొడవ చెయ్యకుండా పడుకుంటుందని... ఒక చెంచా. మొన్నట్నుంచి రెండు."

"ఇందులో మత్తు మందు ఉంది. ఈవిడ మెదడుకి ఇలాంటివి పడవు. ఇక ఆపెయ్యండి. నీళ్ళు తాగుతోందా?"

ఈసారి తల వంచింది చెల్లెలు. "నేను విషం కలిపానని గ్లాసు కిటికీలోంచి పారబోస్తోంది. వారం అయింది. చెబితే నా మీదికే వస్తుందని చెప్పలేదు."

మూత్రపరీక్షలో ఇన్‌ఫెక్షన్ కనబడింది. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించి, మందులిచ్చారు. పది రోజులకి గోడలో మనుషులు పోయారు, చెంచా చేతికొచ్చింది. కుట్లు విప్పే వేళ్ళు మాత్రం తిరిగి రాలేదు. పడ్డచోటినుంచి లేచింది గానీ, పడకముందు ఉన్న చోటికి మళ్ళీ చేరలేదు.

"నిన్ను దొంగని చేశాను పిన్నీ," అన్నాడు కొడుకు ఇంటికొస్తూ.

"నేనూ నిన్ను చేశాన్లేరా, పైకి అనలేదంతే."

ఆనాటినుంచి చెల్లెలు అక్క కళ్ళముందే గ్లాసులోంచి ఒక గుక్క తాగేది. కొలతలమ్మ కాసేపు ఆవిడ మొహంలోకి చూసి, ఏమీ కాలేదని నిర్ధారించుకున్నాక మిగతాది తాగేది. "ఇంకా బతికే ఉన్నావే" అనేది.

మూడేళ్ళకి ఆ మాటా పోయింది. మాటలన్నీ పోయాయి, మింగడం కష్టమైంది. ఎవరు ఏది నోటికందించినా అనుమానం లేకుండా పెదవులు తెరిచేది. అదే చెల్లెలికి ఎక్కువ దిగులు. "ఒక్కసారి దొంగా అని తిడితే బాగుండు" అనేది.

జబ్బు బయటపడ్డ ఏడో ఏట ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి, ఒక ఉదయం, ఇద్దరూ పక్కన ఉండగానే పోయింది. కొడుకు తమ ఇంటికి వచ్చెయ్యమంటే పిన్ని ఒప్పుకోలేదు. అతనే రోజూ మధ్యాహ్నం వచ్చి, ఆవిడ బీపీ మాత్ర వేసుకుందో లేదో అడిగి, వేసుకున్నానంటే నమ్మక, అట్ట తెప్పించి చూసుకుని మరీ వెళ్ళేవాడు.