అమ్మ ఖాళీ చేసే నడవ

రేపు తుఫాను అనగానే మా హోసూరు అపార్ట్‌మెంట్లో అందరం కొవ్వొత్తులు కొన్నాం. ఆ మైనం వాసనకు కావేరిపట్టణంలోని మా పాత ఇల్లు కళ్లముందుకొచ్చింది. రేడియోలో తుఫాను మాట వినగానే అమ్మ నడవలోని రాగుల మూటలు అటకెక్కించేది, ఏటిగట్టు గుడిసెలవాళ్లు పడుకోవడానికి. మీ ఇళ్లలోనూ ఇంతే కదూ? "ఆడ తడుస్తా కూచోబాకండి, పిల్లోళ్లతో ఈడికి వచ్చేయండప్పా!" అని తనే పోయి పిలిచేది.

ఈ సాయంత్రం పక్క రేకుల షెడ్డులోని కూలీ ఒకామె చంటిబిడ్డతో వచ్చి, తుఫాను పోయేదాకా మా పార్కింగులో ఉంటామంది. వాచ్‌మన్ మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అడిగాడు. "బయటివాళ్లు వద్దు" అని ఎవరో రాస్తే, నేనూ దాని కింద సరేనన్నట్టు బొటనవేలి గుర్తు పెట్టాను.

కాసేపటికి మనసొప్పక అది తీసేసి, కిందికి పరుగెత్తాను. గేటు దగ్గర ఎవరూ లేరు.

"యాడికి పోయినారప్పా?" అని అడిగితే వాచ్‌మన్ తలెత్తలేదు.

"తెలీదమ్మా. మీరూ వద్దన్నారు కదా."