ఆ ఉదయం బావ పేల్చని తూటా

శనివారం డ్యూటీ దిగి కారు తాళాలు వెతుక్కుంటుంటే అక్క ఫోన్ చేసింది. మా బావ పోయాడని చెప్పింది. అన్నం తిని, సోఫాలో వాలి, ఆ నిద్రలోనే వెళ్ళిపోయాడట. వెంటనే ఇంకో మాట అంది. "ఇంట్లోనే పోయాడే చెల్లీ. కొండల్లో కాదు."

ఆ గొంతులో దుఃఖం ఉంది, లేదనను. కానీ దానికంటే ముందు ఒక పెద్ద నిట్టూర్పు ఉంది. మొగుడు పోయిన మనిషి అలా నిట్టూర్చడమేమిటని మీరు బుగ్గలు నొక్కుకోకండి. ఇరవై ఏళ్ళకు పైగా ఏప్రిల్ నెల వస్తే చాలు, మా అక్కకి కంటిమీద కునుకు ఉండేది కాదు. ఆ భయం ఏమిటో చెప్తే గానీ మా బావ ఎలాంటివాడో మీకు తెలియదు.

బావది తెనాలి దగ్గర ఊరు. అక్కకి ఇక్కడ వృద్ధాశ్రమంలో ఉద్యోగం వస్తే వెనకాలే వచ్చి, వెల్లింగ్టన్‌లో సిటీ బస్సు డ్రైవరుగా కుదిరాడు. గాలికి బస్సు ఊగిపోతుంటే కూడా ముసలమ్మలు కూర్చునేదాకా బండి కదిలించేవాడు కాదు. నేను చదువుకోవడానికి వచ్చిన కొత్తలో ఊరి పక్కనే లోవర్ హట్‌లో వాళ్ళింట్లోనే ఉన్నాను. నర్సునై, సొంత ఫ్లాట్ తీసుకున్నాక కూడా ఆదివారం భోజనం అక్కడే. చర్చి నుంచి వచ్చి, ప్రార్థన చేసుకుని కూర్చుంటే బావ ముందు నా కంచంలో వడ్డించేవాడు. "మరదలికి పెట్టకపోతే మామగారు కలలోకొచ్చి తిడతాడు" అనేవాడు.

అలాంటి మనిషికి వేట పిచ్చి ఎలా పట్టిందో దేవుడికే తెలియాలి. డిపోలో తోటి డ్రైవరు ఎవరో ఒకసారి కొండల్లోకి తీసుకెళ్ళాడు. అంతే. లైసెన్సు తెచ్చుకున్నాడు, రైఫిల్ కొన్నాడు, ఇనప బీరువా గోడకి బిగించాడు. చీమకి కూడా దారి ఇచ్చే మా బావ దుప్పిని కొట్టి, కోసి, భుజాన మోసుకొచ్చి, అక్క చేత గోంగూర వేసి వండించి చర్చి వాళ్ళందరికీ పెట్టేవాడు. పాస్టరుగారు రెండోసారి అడిగి మరీ వేయించుకునేవారు.

ఇప్పుడు అక్క భయం సంగతి. ఏప్రిల్లో ఇక్కడి మగ దుప్పులు ఆడవాటి కోసం కొండలు దద్దరిల్లేలా రంకెలేస్తాయి. వేటగాళ్ళు ప్లాస్టిక్ గొట్టం నోటికి పెట్టుకుని అచ్చం అలాగే రంకెలేస్తారు. పోటీకి ఇంకో మగది వచ్చిందనుకుని దుప్పి కోపంగా దగ్గరకొస్తుంది, కొడతారు. వినడానికి బాగానే ఉంది కదా? కానీ ఆ రంకె వేసింది ఇంకో వేటగాడైతే? అలా మనిషిని దుప్పి అనుకుని కాల్చిన వార్త అప్పుడప్పుడు వస్తూనే ఉంటుంది. అక్క ఆ వార్త విన్నప్పుడల్లా మోకాళ్ళ మీద పడేది. బావకి తూటా తగులుతుందని ఎంత భయమో, బావ తూటా ఎవరికో తగులుతుందని అంతకు రెట్టింపు భయం. "చచ్చిపోతే పరలోకంలో కలుసుకుంటాం. చంపి ఇంటికొస్తే ఆ మనిషితో ఎలా కాపురం చేయాలే?" అని ఒకసారి నన్ను అడిగింది.

మొదట్లో బావకి సెమీ ఆటోమేటిక్ ఉండేది. ట్రిగ్గరు నొక్కినప్పుడల్లా ఒక తూటా పోయి, ఇంకోటి తనంతట తానే వచ్చి కూర్చుంటుంది. చట్టం మారి అలాంటివి ప్రభుత్వానికి అప్పగించాలన్నప్పుడు మా బావ వెంటనే తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాడు. స్నేహితులు మూతి ముడుచుకున్నారు, ఈయన మాత్రం హాయిగా ఉన్నాడు. రెండోది సిద్ధంగా ఉందంటే మొదటిది అలుసైపోతుందని, తూటాకి రివర్స్ గేరు ఉండదని చెప్పాడు. బస్సు డ్రైవరు బుద్ధి ఎక్కడికి పోతుంది!

తర్వాత కొన్నాళ్ళకి కొత్త మోజు పట్టుకుంది. అమెరికాలో ఎవరో కొత్త రకం తూటా తెచ్చారట. మామూలు రైఫిల్ తూటాకి సీసాలాగా మెడ సన్నగా ఉంటుంది. దీనికి మెడ లేదు, అడుగు నుంచి పైదాకా గోడ నిటారుగా ఉంటుంది, అక్క లిప్‌స్టిక్ గొట్టంలాగా. అక్కడ కొన్ని రాష్ట్రాల్లో దుప్పి వేటకి ఇలాంటివే వాడాలని రూలుందట. పైగా దాన్ని తయారుచేసింది సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళ కోసం. ఇక్కడేమో ఆ రైఫిలే ఉండకూడదు! బావ భోజనాల దగ్గర దాని గుణగణాలు వర్ణిస్తుంటే అక్క పప్పు గరిటె పట్టుకుని, "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అంది. నేను పొలమారేలా నవ్వాను.

బావ పట్టు వదలలేదు. వెతికి వెతికి, అదే తూటా పట్టే ఇంకో రకం రైఫిల్ తెప్పించాడు. నడుము దగ్గర మడిచి, ఒక్కటంటే ఒక్క తూటా పెట్టి మూయాలి. ఇంత ఆరాటం దేనికని అడిగాను. ఆ తూటా బరువైనది, గట్టిగా తగులుతుంది కానీ ఎక్కువ దూరం పోదని చెప్పాడు. దూరం పోకపోవడం కూడా ఒక గొప్పేనా అన్నాను.

"అదే దాని గొప్ప మరదలా. దగ్గరకెళ్ళాలి. దగ్గరకెళ్తే ఏం కొడుతున్నామో తెలుస్తది."

ఆ ఏడాది ఏప్రిల్లో అక్క నన్ను కాపలా పంపింది. నర్సువి కదా, ఏదన్నా అయితే నువ్వుంటావు, పో అని తోసింది. మనిషని తెలియడానికి బావ డిపో నుంచి తెచ్చిన నారింజ రంగు చొక్కా నాకు తొడిగాడు. రెముటాకా కొండల్లో, తడి ఫెర్న్ మొక్కల మధ్య, కూలిన చెట్టు వెనక ఇద్దరం కూర్చున్నాం. బావ గొట్టంలో రంకె వేశాడు. లోయలోంచి జవాబొచ్చింది. నా ఒళ్ళు జల్లుమంది. మళ్ళీ వేశాడు, ఈసారి జవాబు ఇంకా దగ్గర. బావ మొహం వెలిగిపోతోంది. నెలల తరబడి ఎదురుచూసిన కొత్త తూటా రైఫిల్లో ఉంది. ఎదురుగా పొదలు కదిలాయి. గోధుమ రంగు ఒళ్ళు కనిపించింది, పైన కొమ్ములాంటిది కూడా.

"బావా, కొట్టు" అన్నాను, గుసగుసగా.

బావ రైఫిల్ భుజానికి ఎత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని దించి, మడిచి, తూటా తీసి జేబులో వేసుకున్నాడు. నా తల పట్టుకుని చెట్టు మొద్దు వెనక్కి అణిచాడు. తనూ వంగి, బస్టాండులో అరిచినట్టు, "ఎవరయ్యా అక్కడ?" అని తెలుగులో అరిచాడు.

అరిస్తే దుప్పి మళ్ళీ దొరకదు. ఆ సీజనంతా వృథా. అది తెలిసే అరిచాడు.

జవాబుగా ఇంగ్లీషులో ఒక మగ గొంతు, మనిషిని, మనిషిని, కాల్చొద్దు అంటూ వినిపించింది. పొదల్లోంచి గోధుమ రంగు కోటు వేసుకున్న ఒక కుర్ర కివీ, అంటే ఈ దేశపువాడే, బయటికొచ్చాడు. ఒక చేతిలో గొట్టం, ఇంకో చేతిలో రైఫిల్; నేను కొమ్ము అనుకున్నది ఆ రైఫిల్‌నే. బావ రంకె విని తనూ మమ్మల్ని దుప్పే అనుకున్నానని, వేలు ట్రిగ్గరు మీదకి పోయిందని, ఆ అరుపు విని ఆగానని చెప్పాడు. బావ ఫ్లాస్కు తీసి నాకిచ్చాడు. నేను టీ పోసి ఇద్దరికీ ఇచ్చాను, అక్క కట్టిన పులిహోర పెట్టాను. ముగ్గురం తిన్నాం. ఆ రోజు కారు నేనే నడిపాను. దారిలో, ఎలా ఆగావు బావా అని అడిగాను.

"గోధుమ రంగు కనపడింది, కొమ్ము కనపడింది. దుప్పి కనపడలేదే."

ఇంటికెళ్ళాక బూట్లు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి అక్కకి జరిగినదంతా చెప్పేశాడు. నేను అక్క మొహం వంక చూడలేక గోడ చూస్తున్నాను. అక్క తిట్టలేదు. లోపలికెళ్ళి, "నీళ్ళు కాగాయి, స్నానం చేయండి" అంది. మరుసటి ఏడాది నన్ను కాపలా పంపలేదు. ఎందుకే అంటే, ఆయనకి ఆయనే కాపలా అంది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ ఏప్రిల్లో అక్క నిద్రపోయింది. జేబులో వేసుకొచ్చిన ఆ తూటాతోనే బావ దుప్పిని కొట్టుకొచ్చాడు. వస్తువులు దాచుకుని పూజించడం ఆయనకి చేతకాదు. నాకు మాత్రం ఒక సీసా నిండా దుప్పి మాంసం పచ్చడి వచ్చింది.

బావ పోయిన మర్నాడే లైసెన్సున్న స్నేహితుడొకాయన వచ్చి, పోలీసులకు చెప్పాల్సింది చెప్పి, రైఫిలూ తూటాలూ తీసుకెళ్ళాడు. అక్క ఆయనకి కాఫీ ఇచ్చి పంపించి, బీరువా తలుపు మూసి, అమ్మయ్య అంది. అప్పటికీ ఒక్క కన్నీటి చుక్క రాలలేదు. చర్చిలో ఆరాధన జరుగుతున్నా, సమాధి దగ్గర మట్టి వేస్తున్నా రాలలేదు. నర్సుని కదా, నాకు అది నచ్చలేదు.

భోజనాల వేళకి ఆ కివీ అబ్బాయి వచ్చాడు, భార్యతో, చంకలో ఒక ఆడపిల్లతో. వేట స్నేహితుల ద్వారా కబురు తెలిసిందట. అక్క అతన్ని ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు కొండల్లో కలిసింది ఇతనే అక్కా అని నేను చెప్పాను. అతను ఏదో అనబోయి ఆగి, పిల్లని కాస్త పైకెత్తి పట్టుకుని, ఆ ఉదయానికే ఈ పాప తల్లి కడుపులో ఉందని, ఆ సంగతి అప్పటికి తమ ఇద్దరికీ తెలియదని చెప్పాడు.

అక్క చేతులు చాచింది. పిల్ల కొత్త లేకుండా వచ్చేసింది. అక్క దాన్ని భుజాన వేసుకుని గోడ వైపు తిరిగి నిలబడింది. వీపు ఎగిసిపడుతోంది. దాని తల్లి ఇలా ఇవ్వండని దగ్గరకెళ్తే, నేను చెయ్యి పట్టుకుని ఆపాను. జనం తిని, చెయ్యి కడుక్కుని, ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. అప్పటికి పాప నిద్రపోయింది, అక్క నల్లచీర భుజం మీద నోరు తెరుచుకుని, చొంగ కారుస్తూ.