సరంగు ఇంకా నీళ్లమీదే ఉన్నాడు

పోయిన నెల్లో ఓ ఆదివారం పొద్దున్న ఫోన్ టింగుమంది. విజయనగరంలో నేను ఎప్పుడో పేరిచ్చి మర్చిపోయిన పుస్తకాల షాపువాళ్ల మెసేజి. "మీరు ఎదురుచూస్తున్న ఆరో రేవు వచ్చేసింది. త్వరపడండి!" త్వరపడాలట. ఎవరు? నేను! ఆరేళ్లు కాళ్లు బార్లా చాపుకుని కూచున్నది ఆ రాసినాయన, త్వరపడాల్సింది నేనూ! ఫోన్ని మంచం మీదకి గిరాటేసి, ఉప్మాలో ఉప్పు రెండుసార్లు వేసి, ఆ ఉప్మా అలాగే మింగి, తొమ్మిదింటి బస్సెక్కాను. నెల్లిమర్లలో ముప్ఫై ఏళ్లు లెక్కల టీచరుగా చేసి రిటైరైనదాన్ని. ఇప్పుడు తిట్టడానికి పిల్లలు లేరు కాబట్టి దొరికినవాళ్లని తిడుతూ ఉంటాను. షాపులో దొరికినవాడు కౌంటర్లో అబ్బాయి. పుస్తకం కవర్లో పెడుతూ, "సీరియల్ చూసేసుంటారు కదా మేడమ్, క్లైమాక్స్ తెలుసుగా, మళ్లీ పుస్తకమెందుకు?" అన్నాడు నవ్వుతూ. "నీకు పెళ్లైందా నాయనా?" అన్నాను. అయిందన్నాడు. "పెళ్లి వీడియో చూసేశావుగా, మళ్లీ కాపురమెందుకు?" అన్నాను. ఆ తర్వాత వాడు నా మొహం చూడకుండా బిల్లిచ్చాడు.

ఆ అబ్బాయి మీద కోపం కాదు నాది. ఎవరి మీదో చెప్పాలంటే మా మేనత్త ఇంటికి వెళ్లాలి. అరసవల్లిలో గుడి వీధి వెనక సందులో రెండు గదుల ఇల్లు. మా మావ గుడి మేళంలో సన్నాయి వాయించేవాడు. తెల్లవారుజామున ఆయన సన్నాయి విని లేచే అలవాటు మా అత్తకి పెళ్లైన దగ్గర్నించీ ఉంది. సుగర్ జబ్బు మొదట ఆయన కాలివేలు తిన్నాది, తర్వాత కళ్లు తిన్నాది. కళ్లు లేకపోతే సన్నాయి వాయించలేరా అంటే వాయించొచ్చు, కానీ ఆయన మొండికేశాడు. పల్లకి ఎటు తిరుగుతోందో కనబడకుండా నేను ఎవరికి వాయించాలి అన్నాడు. సన్నాయి గుడ్డలో చుట్టి అటక మీద పెట్టించి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఐదారు నెలలు ఆ మనిషి నోట "ఊఁ", "ఉహుఁ" తప్ప మాట లేదు. మా అత్త ఏడవలేదు. ఆవిడకి ఏడుపు రాదు, ఉపాయం వస్తుంది.

ఉపాయం నా సంచీలోంచే దొరికింది. వేసవి సెలవులకి అక్కడే ఉన్నాను, అప్పట్లో నేను 'ఆరు రేవులు' చదువుతున్నాను. సముద్రంలో మునిగిపోయిన ఓ రాజ్యం, దాన్ని పైకి తేవడానికి ఆరు రేవుల్లో ఆరు దీపాలు వెలిగించాల్సిన ఒక పడవ పిల్ల, ఆ పిల్లకి తోవ చూపించే ముసలి సరంగు. సరంగంటే పడవ నడిపే పెద్ద. రెండో పుస్తకంలో ఒక మంత్రగత్తె అతని చూపు లాగేసుకుంటుంది. అక్కణ్ణించి గాలి వాసన పట్టి, చెక్కకి తగిలే నీటి చప్పుడు విని పడవ నడుపుతాడు. రేవుకో పుస్తకం, మొత్తం ఆరు అని రాసినాయన మొదటి పేజీలోనే మాటిచ్చాడు. అప్పటికి నాలుగొచ్చాయి. మా అత్త మొదటిది నా చేతిలోంచి లాక్కుని, మధ్యాహ్నం భోజనాలయ్యాక మావ మంచం పక్కన పీట వేసుకుని గట్టిగా చదవడం మొదలెట్టింది. నాలుగో రోజునో ఐదో రోజునో మావ గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. "ఈ రాసినోడు ఎప్పుడూ తెడ్డు పట్టినట్టు నేదే. ఎదురుగాలికి తెరసాప అలాగ ఇప్పుతారేటి?" అన్నాడు. ఆయన పుట్టింది కళింగపట్నంలో, పడవల మధ్య పెరిగాడు. ఆ తిట్టు విని మా అత్త పుస్తకం మూసి వంటింట్లోకి వెళ్లి, కాసేపటికి మొహం కడుక్కుని వచ్చింది. నేను చూశాను.

మర్నాడు ఆవిడ ఒక పని చేసింది. ఆ ఇంట్లో పురాణం చదవడం మొదలుపెడితే ఒక కొబ్బరికాయకి పసుపు రాసి, బొట్టుపెట్టి, ఎర్ర జాకెట్టుగుడ్డలో కట్టి దేవుడి అల్మరాలో పెడతారు. కథ సంపూర్ణమైన రోజున ఆ కాయ కొట్టి, పానకం, వడపప్పు పంచుతారు. కాయ పెట్టాక కథ మధ్యలో ఆపకూడదు, ముగింపు ముందే చూడకూడదు. ఎదురింట్లో పూజసామాన్ల కొట్టు పెట్టుకున్న, నాకు వదిన వరసయ్యే ఆవిడ దగ్గర కాయ తెచ్చి, మా అత్త 'ఆరు రేవులు'కి కట్టేసింది. రాక్షసులూ మంత్రగత్తెలూ ఉన్న కథకి కాయేమిటత్తా అని నవ్వాను. "పురాణంలో నేరేటే రాక్షసులు?" అంది.

ఇంక ఆ ఇల్లు చూడాలి! కొట్టు వదిన, ఆవిడ తోటికోడలు, పక్కింటి ముసలమ్మ అందరూ మధ్యాహ్నం మూడయ్యేసరికి బియ్యం చేటలతో హాజరు. మా అత్త గొంతు లావు. పడవ పిల్లకి ఒక గొంతు, మంత్రగత్తెకి ఒక గొంతు. సరంగు మాటలు వచ్చేసరికి మాత్రం గొంతు తగ్గించి, మావకి ఒక్కడికే చెబుతున్నట్టు చదివేది. ఐదో పుస్తకం మధ్యలో వచ్చింది, అదీ అయింది. చివరి పేజీలో తుపాను, విరిగిన చుక్కాని, ఆరో రేవు దీపం ఎక్కడో మినుకుమంటూ, సరంగు ముక్కు పైకెత్తి వాసన చూస్తూ ఉంటాడు. అక్కడ ఆపాడు మహానుభావుడు. పుస్తకం అట్ట మీద 'త్వరలో ఆరో రేవు' అని అచ్చేయించుకున్నాడు. ప్రతి ఆదివారం నేను వెళ్లగానే మావ అడిగేవాడు, "సరంగు గట్టెక్కేడేటి కోడలా?" అని. లేదు మావా, ఇంకా నీళ్లమీదే ఉన్నాడు అనేదాన్ని.

అప్పుడొచ్చింది టీవీ. 'ఆరు రేవులు' సీరియల్, ఆదివారం సాయంత్రం. మొదట్లో మాకూ సరదాయే. మావ వింటూ తప్పులు పట్టేవాడు. పడవ పిల్ల పట్టుచీర కట్టుకుని లంగరు ఎత్తుతోందని వదిన చెబితే పొట్ట పట్టుకుని నవ్వాడు. ఒకటో రేవు, రెండు, మూడు, వాళ్లకేం, వారానికో భాగం తోసేస్తున్నారు. ఇక్కడ రాసేవాడు రాయడం లేదు, అక్కడ తీసేవాళ్లు ఆగడం లేదు. ఐదో రేవు దాటిన వారం నేను నిజంగా ఆపేస్తారనుకున్నాను. పుస్తకం లేదు కదా, ఏం తీస్తారు? సిగ్గూ శరం ఉన్నవాళ్లయితే ఆగుతారు. వాళ్లు ఆగలేదు! ముగింపు వాళ్లే అల్లేసుకున్నారు. రాసినాయనేమో రాయడం మానేసి, ఎక్కడ మైకు దొరికితే అక్కడ నా కథ, నా కథ అని మాట్లాడుకుంటూ తిరిగాడు.

మా అత్త టీవీ తీగ పీకేసి, చుట్టచుట్టి బియ్యం డబ్బాలో పెట్టింది. కాయ కట్టి ఉంది కాబట్టి ముగింపు ముందే వినకూడదు, అంతే. కానీ వీధి మొత్తం ముందుకెళ్లిపోయింది. ఆటోలో అదే మాట, టిఫిన్ బండి దగ్గర అదే మాట. మావని కాలి కట్టు మార్పించడానికి ఆసుపత్రికి తీసుకెళ్తూ, ఆయన రెండు చెవుల్లో దూది కుక్కి తీసుకెళ్లింది. డాక్టరుగారు చెవిపోటా అని అడిగితే, కాదు సీరియలు అంది. మూడింటికి చేటలు పట్టుకొచ్చేవాళ్లు కూడా మానేశారు. వాళ్లకి అన్నీ తెలిసిపోయాయి, ఇంక వినేదేముంది? మావ ఒక్కడికీ మళ్లీ మొదటి పుస్తకం నుంచి చదవడం మొదలెట్టింది.

నేనూ చూశాను. దాచడమెందుకు, సిగ్గులేకుండా స్టాఫ్‌రూములో ఫోన్లో చూశాను. సరంగుని ఎలా చంపారనుకున్నారు? రెండు నిమిషాలు. తుపాన్లో గ్రాఫిక్స్ సొరచేప ఒకటి ఎగిరొచ్చింది, ముసలాయన కేక, పైనించి పడవ చూపించారు, అయిపోయింది. తర్వాత అరగంట పడవ పిల్ల కత్తియుద్ధం. ఐదు పుస్తకాలు మోసుకొచ్చిన మనిషిని అడ్డమొచ్చిన సామాను తీసినట్టు తీసేశారు. ఆ రోజు తొమ్మిదో తరగతి వాళ్లని ఊరికే గోడకుర్చీ వేయించాను. వాళ్లకి ఇప్పుడు క్షమాపణ చెబుతున్నాను.

ఆఖరి భాగం వచ్చిన ఆదివారం నేను అరసవల్లిలోనే ఉన్నాను. ఎదురుగా కొట్టులో టీవీ చుట్టూ వీధి వీధంతా చేరింది. అంతా అయ్యాక వదిన ఏంచేసిందో తెలుసా? కథ సంపూర్ణమైంది కదా, మా అత్త దగ్గర నేర్చుకున్న పద్ధతి కదా, కర్పూరం వెలిగించి టీవీకి మంగళహారతి ఇచ్చేసింది! నిజం. టీవీకి బొట్టు కూడా పెట్టింది. కొట్టులో కాయ ఒకటి కొట్టి, పానకం కలిపి, ఎంతో ప్రేమగా గ్లాసు నింపి తెచ్చి, అత్త పెరట్లో ఉందని మావ చేతిలోనే పెట్టేసి వెళ్లిపోయింది. పాపం, ఆవిడది మంచి మనసే. మావ ఒక గుక్క తాగాడు. మిరియం, బెల్లం, యాలకులు. ఆ వీధిలో పానకం కలిపేది రెండింటికే, శ్రీరామనవమికీ, కథ సంపూర్ణమైన రోజుకీ. అది శ్రీరామనవమి కాదు.

గ్లాసు ఒళ్లో పెట్టుకుని, "కోడలా, సరంగు గట్టెక్కేడేటి?" అన్నాడు. ఎప్పుడూ చెప్పే జవాబు ఆ రోజు నా నోట రాలేదు. ఒక్క అబద్ధం! బడి పిల్లలకి రోజూ చెప్పేదాన్ని, రేపు పరీక్ష తేలికే అని. మావకి చెప్పలేకపోయాను. నేను మాట్లాడకపోవడమే ఆయనకి సరిపోయింది. జన్మలో గొంతు పెంచని మనిషి గ్లాసు తీసి గోడకేసి కొట్టాడు. "ఆడెవుడే నా సరంగుని సంపడానికి? రాసినోడు ఇంకా రాయనేదు కదా! రాసేదాకా బతికే ఉన్నాడు, సెప్పు ఆలకి!" అన్నాడు. మా అత్త పరుగున వచ్చి, గోడమీద కారుతున్న పానకం చూసి, నా మొహం చూసి, అల్మరాలో కాయ అలాగే ఉందో లేదో చూసుకుంది. "కాయ ఉన్నాది. కథ అవనేదు. ఎవుడేటి సెప్పినా నువ్వు ఇనకు," అని ఆయన చెయ్యి పట్టుకుంది. నాతో వారం రోజులు మాట్లాడలేదు.

ఆ తర్వాత ఇంకో ఐదేళ్లు. రాసినాయనకి మా అత్త ఉత్తరం రాసింది. పోస్టులో వేసే ముందు తప్పులు దిద్దమని నాకిచ్చింది కాబట్టి నాకు గుర్తుంది: "అయ్యా, మా ఇంట్లో ఒకరు మీ పుస్తకంలో నీళ్లమీద ఉండిపోయారు. ఆరోగ్యం అంతంత మాత్రం. దయచేసి బేగి రాయండి." నేను ఏమీ దిద్దలేదు. జవాబుగా అచ్చేసిన కార్డొకటి వచ్చింది, పాఠకుల ఆదరణకు కృతజ్ఞతలని. దాన్ని ముక్కలు చేసి పొయ్యిలో పడేసింది. మర్నాడు మళ్లీ ఇంకో ఉత్తరం రాసింది.

అందరం మావ ఆరోగ్యం గురించే భయపడ్డాం. పోయింది మా అత్త. నిరుడు వానాకాలం, మూడు రోజుల జ్వరం, అంతే. ఆసుపత్రిలో నాతో అన్న మాట ఆస్తుల గురించి కాదు, నగల గురించి కాదు. "పుస్తకం వస్తాది. వస్తే నువ్వు సదివి ఇనిపించు. ఎనక పేజీ ముందు సూసీకు, నీకు ఆ బుద్ధుంది," అంది.

అందుకే ఆ ఆదివారం షాపులోంచి సరాసరి శ్రీకాకుళం బస్సెక్కాను. దారి పొడుగునా పుస్తకం ఒళ్లో ఉంది. ఎనక పేజీ చూడలేదు. చెయ్యి దురదపెట్టింది, అయినా చూడలేదు. మావ చేతిలో పెడితే తడిమి చూసి, "లావుగా ఉన్నాది. తప్పు సేసినోడు ఎక్కువ మాట్లాడినట్టున్నాడు," అన్నాడు. పన్నెండు మధ్యాహ్నాలు చదివాను. నా గొంతు తరగతి గదికి అలవాటైన గొంతు. మంత్రగత్తె మాట్లాడినా హోంవర్కు అడిగినట్టే ఉంటుంది. మావ ఒక్కసారి మాత్రం, "కొంచెం మెల్లగా, అమ్మా," అన్నాడు.

పన్నెండో రోజు సరంగు గట్టెక్కాడు. సొరచేపా లేదు, ఏమీ లేదు. తడి మన్ను వాసన పట్టి పడవని ఒడ్డుకి తెచ్చాడు. కాళ్లు మట్టిలో దిగాక, "గట్టు ఏ రంగులో ఉంది తల్లీ?" అని పడవ పిల్లని అడుగుతాడు. ఆ పిల్ల ఒక పేజీ నిండా చెబుతుంది. మట్టి, చెట్లు, ఆరబెట్టిన వలలు, దీపం, అన్నీ. గొంతు తగ్గించి, అతనికి ఒక్కడికే చెబుతుంది. నేను ఆ పేజీ మధ్యలో ఆగిపోయాను. అక్షరాలు కనబడలేదు. మావ, "ఇది మీ అత్త సదవాల్సిన పేజీ," అన్నాడు. కోపంగా అనలేదు. ఆ కోపం కూడా నాకే వదిలేశాడు. నేను ఇక్కడ ఆ రాసినాయన్నీ, తీసినవాళ్లనీ అన్న మాటలు ఎవరూ అచ్చు వెయ్యరు.

పేజీ పూర్తి చేశాను. పుస్తకం మూశాను. మావ అల్మరా వైపు చెయ్యి చూపించాడు. ఎర్రగుడ్డ రంగు వెలిసి గులాబీ అయింది. కాయ ఊపితే నీటి చప్పుడు లేదు, లోపల ఏదో గలగలమంది. గడప మీద కొట్టాను. కొబ్బరి ఎండి, నిమ్మకాయంతైపోయి, గోధుమరంగుకి తిరిగి, మక్కిన వాసన వేస్తోంది. "ఎలాగున్నాదే?" అన్నాడు. ఈసారి అబద్ధమాడలేదు. "ఎండిపోనాది మావా, నీళ్లు లేవు. మక్కిపోనాది," అన్నాను. "అయినా ఇయ్యి. మీ అత్త కట్టిన కాయ," అని చెయ్యి చాపాడు. చిన్న ముక్క విరిచి ఇస్తే బుగ్గన పెట్టుకుని చాలాసేపు అలాగే కూచున్నాడు. నేను వంటింట్లోకి వెళ్లి ఇద్దరికీ పానకం కలిపాను, మిరియం ఎక్కువైంది.

చదివే గొంతు ఎన్నాళ్లుంటుందో ఆలోచించకుండా కథకి ఆరు రేవులని మాటిచ్చేవాళ్లని తలుచుకుంటే నాకింకా ఒళ్లు మండుతుంది. సరంగు ఆలస్యంగానైనా ఒడ్డు చేరాడు, గట్టు ఏ రంగులో ఉందో మా మావకి చెప్పాల్సిన మనిషి ఏడాది ముందే లేచి వెళ్లిపోయింది.