మేకులు తీసిన కిటికీలు

నాకు నలభై మూడేళ్లప్పుడు పెళ్లయింది. ఆయనకు అప్పటికే యాభై దాటాయి. మొదటి భార్య జబ్బుచేసి పోయి ఐదారేళ్లయింది. ఒక్కతే కూతురు, గుంటూరులో నర్సింగ్ చదువుతూ హాస్టల్లో ఉండేది. మా పాస్టరుగారే రెండువైపులా మాట్లాడి సంబంధం కుదిర్చారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, వచ్చినవాళ్ల మధ్యే పెళ్లి జరిగిపోయింది. ఆ పిల్ల కూడా వచ్చింది. నా చేతికి పూలగుత్తి ఇచ్చి, "కంగ్రాట్స్ ఆంటీ" అని, సాయంత్రం బస్సుకి వెళ్లిపోయింది.

ఆయన మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. గవర్నర్‌పేటకు కాస్త ఎడంగా, కాలువ గట్టుకి దగ్గర్లో, చర్చి ఆవరణలోనే ఒక పాత బంగళా ఉంది. ఎప్పుడో ఎవరో దొరసాని ఉండడానికి కట్టించినదట. దాన్ని రెండు వాటాలు చేసి స్కూలు వాళ్లకి ఇచ్చారు. రోడ్డు వైపు వాటా మాది. నేను వన్ టౌన్‌లో తాళ్లు, టార్పాలిన్లు అమ్మే హోల్‌సేల్ కొట్లో చాలాకాలంగా పనిచేస్తున్నాను. పెళ్లయ్యాకా మానలేదు. పొద్దున్నే వంట చేసి, క్యారేజీలు సర్దేసి, ఆయన స్కూలుకి, నేను కొట్టుకి వెళ్లేవాళ్లం.

మేమిద్దరం చాలా మర్యాదగా ఉండేవాళ్లం. మా ఇబ్బందల్లా అదే.

"వడ్డించమంటారా?"

"వడ్డించండి."

"పులుసులో ఉప్పు సరిపోయిందాండీ?"

"బాగుందండీ."

ఆయన నన్ను మీరు అనేవారు, చివర అండీ కూడా తగిలించేవారు. రాత్రి భోజనాలయ్యాక ఆయన పేపర్లు దిద్దుకునేవారు. నేను టీవీ సౌండు తగ్గించి పెట్టుకుని చూసేదాన్ని. లాడ్జిలో పక్కపక్క గదుల్లో దిగిన ఇద్దరు మంచివాళ్లలా ఉండేది మా కాపురం.

ఇక ఇల్లు. ముందు హాల్లో రోడ్డు వైపుకి నాలుగు పొడవాటి కిటికీలున్నాయి. మన కిటికీల్లా తలుపులు పక్కకి తెరుచుకునేవి కావు. రెక్కని కిందనుంచి పైకి జరపాలి. ఆ నాలుగింటినీ మేకులు కొట్టి బిగించేశారు. ఎండ పడకుండా అద్దాలకి ఎప్పుడో ఆకుపచ్చ రంగు కూడా పూశారు. దాంతో పట్టపగలు కూడా హాల్లో ట్యూబ్‌లైటు వెయ్యాల్సిందే. వచ్చిన కొత్తల్లో ఒకసారి అడిగాను.

"ఈ కిటికీలు తెరుచుకోవాండీ?"

"పాడైపోయాయండీ" అని పేపరు తిప్పుకున్నారు.

ఆ వేసవి మొదట్లో ఒక ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. బెజవాడ ఎండ సంగతి చెప్పేదేముంది. ఆయన లోపలి గదిలో పడుకున్నారు. నేను హాల్లో పేపరుతో విసురుకుంటూ కూర్చుని, ఇక లాభం లేదని లేచి, సుత్తి, పటకారు తెచ్చుకున్నాను. ఒక కిటికీకి నాలుగు మేకులున్నాయి. తుప్పుపట్టి చెక్కలో కలిసిపోయాయి. వాటిని పీకేసరికి జాకెట్టు తడిసి ముద్దయింది. రెండు చేతులూ పెట్టి రెక్కని పైకి నెట్టాను. కిర్రుమంటూ లేచింది. కాలువ మీది గాలి, రోడ్డు మీది దుమ్ము ఒక్కసారిగా మొహాన కొట్టాయి. ఎంత హాయిగా అనిపించిందో!

చెమట తుడుచుకుందామని చేతులు తీశాను. అంతే, రెక్క మొత్తం దభీమని పడింది. ఒక అద్దం పగిలి నేలమీద పరుచుకుంది.

ఆయన పరుగెత్తుకొచ్చారు. ముందు కిటికీని చూడలేదు, అద్దాన్నీ చూడలేదు. నా రెండు చేతులూ పట్టుకుని తిప్పి తిప్పి చూశారు. మొహం తెల్లగా పాలిపోయింది.

"వేళ్లు... వేళ్లు బాగానే ఉన్నాయా?"

"ఏం కాలేదండీ. చేతులు తీశాకే పడింది."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. గాజుపెంకులు నేను ఎత్తుతుంటే, అప్పుడు చెప్పారు. పాపకి నాలుగేళ్లప్పుడు ఆ కిటికీ దగ్గరే ఆడుకుంటుంటే తాడు తెగి రెక్క పడిందట. చిటికెన వేలు నలిగిపోయింది. ఆస్పత్రిలో కట్టు కట్టించుకుని తీసుకొచ్చిన సాయంత్రమే వాళ్లమ్మ సుత్తి తీసుకుని నాలుగు కిటికీలకీ మేకులు కొట్టేసింది. ఆయన స్కూలు నుంచి వచ్చేసరికి ఆఖరి మేకు కొడుతోందట.

"ఆపమని నేను అనలేదు. తర్వాత తీద్దామనీ అనలేదు" అన్నారు.

నా చేతిలో ఆ వంకర మేకులున్నాయి. ఆవిడ కొట్టిన మేకులని తెలిసి ఉంటే ముట్టుకునేదాన్నే కాదు. వాటిని ఒక స్టీలు గిన్నెలో వేసి, "మళ్లీ కొట్టేయమంటారా?" అని అడిగాను.

పగిలిన అద్దం ఖాళీలోంచి ఒక గాలి తెర వచ్చి గోడమీది క్యాలెండర్ని ఆడించింది. ఆయన దానివైపే చూస్తూ, "చూద్దాం లెండి" అన్నారు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం ఆయనే మాట కదిపారు. "కిటికీది తప్పేం లేదండీ. తాళ్లు మార్చకపోవడం మా తప్పు." కిటికీ పక్క చెక్క మీద తట్టి చూపిస్తూ వివరించారు. చట్రం రెండు పక్కలా లోపల డొల్లగా ఉంటుందట. ఆ డొల్లలో ఒక్కో ఇనప గుండు వేలాడుతుంది. గుండుకి కట్టిన తాడు పైనున్న చిన్న గిలక మీదుగా వచ్చి రెక్కని పట్టుకుంటుంది. రెండు గుండ్ల బరువూ కలిపితే రెక్క బరువుకి సరిపోతుంది. అందుకే రెక్కని ఎక్కడ వదిలితే అక్కడే ఆగుతుంది. తాడు తెగితే మాత్రం దాన్ని ఆపేది ఏమీ లేదు. మాస్టారు కదా, చెబుతుంటే నాకు బడిలో కూర్చున్నట్టే ఉంది. ఆయన అంతసేపు నాతో మాట్లాడడం అదే మొదటిసారి.

వడ్రంగి మేస్త్రిని పిలిపించాం. అతను కిటికీలవైపు చూసి నవ్వేశాడు.

"ఇయ్యెందుకండీ ఇంకా? పీకేసి అల్యూమినియం స్లైడింగ్ పెట్టిచ్చుకోండి. రెండ్రోజుల్లో అయిపోద్ది."

"తాళ్లు మారిస్తే చాలండీ" అన్నారు ఈయన.

"తాళ్లు మార్చేవాళ్లు ఎవరున్నారు మాస్టారూ ఇప్పుడు?" అని టీ తాగి వెళ్లిపోయాడు.

స్కూలుకి సెలవులిచ్చేశారు. నేను కొట్లో వారం సెలవు పెట్టాను. మేమే మొదలుపెట్టాం.

తాడు తెచ్చే బాధ్యత నాది. మా కొట్టుకి నాగాయలంక నుంచి, బందరు నుంచి పడవలవాళ్లు వచ్చేవాళ్లు. వాళ్లు ఎక్కువగా అడిగేది నైలాన్ తాడే, ఉప్పునీళ్లలో కూడా ఏళ్ల తరబడి ఉంటుందని. అంతకంటే గట్టిది ఏముంటుందని అదే తెచ్చాను. మొదటి కిటికీకి కట్టాం. పైకి జరిపితే బాగానే ఆగింది. తెల్లారి చూస్తే తాడు సాగి రెక్క జానెడు కిందికి దిగి ఉంది. సర్దితే మళ్లీ దిగింది. ముడి కూడా జారుతోంది. పడవని కట్టేసుకోవడానికి పనికొచ్చినంత మాత్రాన కిటికీకి పనికిరావాలని లేదు. కొట్టుకెళ్లి దాన్ని తిరిగిచ్చేసి, అల్లిక నూలు తాడు తెచ్చాను. మెత్తగా, చేతికి నచ్చేలా ఉంది. అది సాగలేదు.

పని కష్టమైంది కాదు కానీ ఓపిక కావాలి. ముందు రెక్కని పట్టి ఉంచే బద్దల్ని చిట్లకుండా ఊడదీయాలి. రెక్కని ఇద్దరం పట్టుకుని కిందికి దించాలి. చట్రం అడుగున ఒక చిన్న చెక్క మూత ఉంటుంది, అది తీస్తే లోపల గుండు కనపడుతుంది. దుమ్ము, సాలెగూళ్లు, ఎలక తెచ్చి పెట్టుకున్న దూది. కొత్త తాడుని గిలక మీదుగా ఆ డొల్లలోకి దింపడం ఒక పట్టాన కుదరలేదు. మెత్తటి తాడు కదా, లోపలికి జారదు. చివరికి గిన్నెలోని మేకుల్లోంచి ఒకటి తీసి, దారం కట్టి జారవిడిచాం. మేకు బరువుకి దారం దిగింది. దారం వెనకే తాడుని లాగాం.

తాడు పొడవు ఆయన కాగితం మీద లెక్కకట్టారు. ఆ లెక్క ప్రకారమే కోశాను. గుండుకి ముడివేసి, రెక్కని ఎక్కించి కిందికి జరిపాం. సగం పైగా దిగి ఆగిపోయింది. నేను నొక్కాను, ఆయన నొక్కారు. కదల్లేదు. పైకి చూస్తే గుండు వెళ్లి గిలక దగ్గర తగులుకుంది.

ఆయన కాగితం తీసి మళ్లీ చూసుకున్నారు. "లెక్క కరెక్టే" అన్నారు. తర్వాత ముడివైపు చూసి, "ముడికి పోయే తాడు వేసుకోలేదు" అన్నారు.

నాకు నవ్వాగలేదు. నవ్వొచ్చో లేదో అని నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆయన నన్ను చూసి తనూ నవ్వడం మొదలుపెట్టారు. నిచ్చెన పట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వారు. ఆ ఇంట్లోకి వచ్చాక ఆయన నవ్వు వినడం అదే మొదలు.

ఆ తర్వాత పని చురుగ్గా సాగింది. "పట్టుకో." "కొంచెం వదులు." "అదిగో, అక్కడే ఉంచు." బరువు చేతిలో ఉన్నప్పుడు అండీలు ఎక్కడ పెట్టుకుంటారు? ఎప్పుడు మారారో ఆయనకి తెలీదు. సాయంత్రం టీ తాగుతూ, "నువ్వు కూడా అలిసిపోయావ్" అన్నారు. నేనేమీ అనలేదు. అన్నానంటే మళ్లీ మీరు అంటారేమోనని భయం.

మూడు కిటికీలు పూర్తయ్యాయి. కిరసనాయిలు పెట్టి అద్దాల మీది ఆకుపచ్చ రంగు కూడా గీకేశాను. నాలుగోదానికి తాడు కోసి పెట్టుకున్న రోజే ఆ అమ్మాయి సెలవులకి వచ్చింది.

గేటు దగ్గరే ఆగి ఇంటివైపు చూసింది. తర్వాత గబగబా లోపలికొచ్చింది. బ్యాగు భుజం మీదనుంచి దింపలేదు.

"మేకులు ఎవరు తీశారు డాడీ?"

ఆయన నోరు తెరిచేలోపే, "నేనమ్మా" అన్నాను.

"అవి మమ్మీ కొట్టినవి."

"తీసేటప్పుడు నాకు తెలీదు. తర్వాత తెలిసింది."

"తెలిశాక?"

తప్పించుకోవడానికి దారి లేదు. "తెలిశాక ఇంకో రెండింటివీ తీశాం" అన్నాను.

ఆమె లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఆయన తలుపు దాకా వెళ్లి, చెయ్యెత్తి, తట్టకుండానే తిరిగొచ్చారు. ఆ రాత్రి ఆమె అన్నానికి రాలేదు. నేనే పళ్లెంలో పెట్టి గది ముందు స్టూలు మీద ఉంచాను. పొద్దున చూస్తే పళ్లెం ఖాళీగా, కడిగి బోర్లించి ఉంది.

ఆమె లేచి వచ్చి హాల్లో రెండో కిటికీకి దూరంగా నిలబడింది. నేను కూరలు తరుగుతున్నాను, ఆయన పేపరు చదువుతున్నారు.

"ఇది పడదా ఆంటీ?"

"పడదమ్మా. ఎక్కడ వదిలితే అక్కడే ఆగుతుంది."

దగ్గరికెళ్లి ఒక చేత్తో పైకి జరిపి చటుక్కున వదిలింది. ఆగింది. మళ్లీ కొంచెం కిందికి లాగి వదిలింది. ఆగింది. ఆ తర్వాత తన అరచెయ్యి రెక్క కింద, చట్రం మీద ఆనించి పెట్టింది. చిటికెన వేలు కొస వంకర నాకు అప్పుడు కనపడింది. ఆయన పేపరు వదిలేసి లేచి నిలబడ్డారు.

"డాడీ, కూర్చోండి" అంది, వెనక్కి తిరగకుండానే.

చెయ్యి అలాగే ఉంచి మాట్లాడింది. "ఆ రోజు నాకు గుర్తే లేదు. మీరందరూ చెప్తే విన్నదే. గుర్తున్నదల్లా ఈ రోడ్డు మీద బ్యాండు వెళ్తుంటే చప్పుడు వినపడేది, మనిషి కనపడేవాడు కాదు. తీసెయ్ మమ్మీ అని ఎంత ఏడ్చేదాన్నో. పక్కింటికెళ్లి చూసిరా అనేది కానీ తీసేది కాదు." రోడ్డువైపు చూసింది. "మమ్మీ పోయాక మాత్రం తియ్యాలని ఒక్కసారి కూడా అనిపించలేదు."

ఆమె చెయ్యి తీసి చున్నీకి తుడుచుకుని నావైపు చూసింది.

"ఆ చివరిది ఉండనివ్వండి ఆంటీ. ప్లీజ్."

"అలాగేనమ్మా" అన్నాను.

దానికని కోసిన తాడు పెరట్లో బట్టలారేసుకోవడానికి కట్టాం. చివరి కిటికీ అలాగే ఉంది. దాని ఆకుపచ్చ రంగు కూడా నేను గీకలేదు. ఇంటికొచ్చినవాళ్లు, "అదొక్కటీ వదిలేశారేం?" అని అడుగుతుంటారు. "అదలాగే ఉంటుంది" అంటారాయన. ఎందుకని ఎవరైనా అడిగితే, ఆమె ఇంట్లో ఉంటే ఆమే చెబుతుంది.

ఇప్పుడు ఆమె బెజవాడలోనే ఒక ఆస్పత్రిలో పనిచేస్తోంది. నైట్ డ్యూటీలు ఎక్కువ. పొద్దున వచ్చి, ఇంత టిఫిన్ తిని, హాల్లో దివాన్ మీద కిటికీ వైపు తల పెట్టుకుని పడుకుంటుంది. లోపలి గదిలో ఏసీ ఉన్నా అక్కడే నిద్రపడుతుందట. బస్సుల హారన్లకి లేవదు కానీ వంటింట్లో చిన్న చప్పుడైతే చాలు లేచి కూర్చుంటుంది. నాకు సెలవున్న రోజుల్లో పప్పు కుక్కర్లో పెట్టను. గిన్నెలో వేసి, సన్నటి మంట మీద నెమ్మదిగా ఉడకనిస్తాను.