మేనమామ కోటకిచ్చిన పిల్ల

పలాసలో మా ఆయన గురించి ఒక కథ చెబుతారు. కంప్యూటర్లో యుద్ధాలాట ఆడుతూ, నీళ్ళు కూడా తాగక కిడ్నీలు పాడుచేసుకున్నాడట. చెప్పేవాళ్ళలో మా చుట్టాలే ఎక్కువ. నేను ఒప్పుకోను. ఉద్దానంలో కొబ్బరితోట తప్ప మరొకటి ఎరగని మా మేనమామ, అంటే ఆయన తండ్రి, అక్కడ ఊరూరా ఉన్న ఇదే కిడ్నీ జబ్బుతో పోయాడు. మరి మా మామ ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు? అడిగితే మాట మారుస్తారు.

అసలు సంగతి వేరు. ఆ ఆటే మా బావని రైలెక్కించేది.

రెండువేల సంవత్సరం తర్వాతి రోజులవి. మేమిద్దరం పలాసలో చిన్న కంప్యూటర్ సెంటర్ నడిపేవాళ్ళం. డయాలసిస్‌కి వారం వారం విశాఖ వెళ్ళాలి. తిరిగొచ్చాక బెంచీ మీద పిండేసిన గుడ్డలా పడి ఉండేవాడు. "ఇంక నానెల్లనే" అన్నాడొకసారి. మర్నాడు మధ్యాహ్నం, నేర్చుకునేవాళ్ళెవరూ లేనప్పుడు, ఆట పెట్టి ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

పాతకాలపు రాజ్యం. కొలువులో నాలుగు వంశాలు. ఎవరి బలమెంతో తెరమీద రంగుల పట్టీల్లో కనిపిస్తుంది. ఏ పట్టీ అయినా రాజుగారి పట్టీని, అంటే ఆడే మా పట్టీని, దాటిందా, తిరుగుబాటే. కొత్త కోట గెలిస్తే ఎవరో ఒకరి చేతిలో పెట్టాలి, ఆ వంశం బలుస్తుంది. గెలవకపోతే పంచడానికి నేల లేక అందరూ మూతి ముడుస్తారు.

నాకు గెలుపక్కర్లేదు. ఓటమీ అక్కర్లేదు. రాజ్యం మిగిలున్నన్నాళ్ళూ "వచ్చి ఆడదాం, పద బావా" అని స్టేషన్‌కి లాక్కుపోవచ్చు. అంతే నా ఎత్తు.

"ఇంకో కోట వద్దు. ఉన్నోళ్ళనే సర్దలేకపోతన్నావు" అనేదాన్ని.

"ఆగితే లోపలోళ్ళే తినీత్తారే. డిగ్రీ సదివినావు గానీ రాజ్యం సెయ్యడం తెల్దు నీకు."

"నీకు తెలుసు మరి! పిల్లని ఆ ఇంటికెందుకిచ్చినావు?"

ఆయనతో వచ్చిన చిక్కే అది. రాజు కూతుర్ని రాణి పుట్టింటి వంశానికే ఇచ్చేవాడు. వియ్యమందిన వంశం బలం పెరుగుతుందని ఆట మొదట్లోనే చెబుతుంది. వింటేగా!

"మేనమావ కొడుకుండగా పైవోడికిత్తామేటి? నిన్ను నాకలాగే కదేటి ఇచ్చినారు!"

"అందుకే నా బతుకిలాగ ఏడిసింది."

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వు అయ్యేలోపే మేనమామ వంశం సింహాసనం ఎక్కి కూర్చుంది. మళ్ళీ మొదలెట్టాం. మళ్ళీ పిల్లని అక్కడికే ఇచ్చాడు, మళ్ళీ పోయింది. ఆ తర్వాత బుద్ధొచ్చి, పిల్లల్ని బలంలేని వంశాలకిస్తూ వచ్చాడు. ఆ రాజ్యం చాలాకాలం నిలిచింది. ఆయనా ప్రతి వారం రైలెక్కాడు, తిట్టుకుంటూనే.

ఒకరోజు నేను టికెట్లకని స్టేషన్‌కి వెళ్ళొచ్చేసరికి తెరమీద కోటలు తగలబడుతున్నాయి.

"రాజ్యం పోనాదే" అన్నాడు, కుర్చీలో వెనక్కి వాలి.

"ఏటి సేసినావు?"

"ఆకరి పిల్ల ఉండిపోనాది కదా. మావ కోటకిచ్చీసినాను."

ఆ వంశం పట్టీ రాజు పట్టీ అంచుదాకా వచ్చిందని పొద్దున్నే ఇద్దరం చూశాం. దాని మీదే వాదించుకున్నాం కూడా. నేను అరిచాను. తర్వాత బతిమాలాను, మళ్ళీ మొదలెట్టమని. మౌస్ నా వైపు తోసేశాడు.

"ఒద్దే. అలిసిపోనాను."

మర్నాడు గుమ్మంలో ఆటో హారన్ కొడుతూనే ఉంది. ఆయన మంచం దిగలేదు. గోడవైపు తిరిగి పడుకున్న ఆయన్ని ఆ టికెట్లు పట్టుకుని ఎంత తిట్టానో, ఎంత ఏడ్చానో వీధంతా విన్నది. ఆయన విన్నాడో లేదో. ఆ తర్వాత ఎక్కువ రోజులు లేడు.

జబ్బుకి కారణం జనం నీళ్ళంటారు, నేలంటారు, ఆటంటారు. వాళ్ళ వాదన వాళ్ళది. నేను అడగాల్సింది ఒక్కణ్ణే. బావా, ఆ పిల్లని అలవాటుకొద్దీ ఇచ్చీసినావా, తెలిసే ఇచ్చినావా?