బ్రేకుల్లేని లారీకి బండలాగే ఎద్దులు

డిప్లొమా అయిపోయి, ఉద్యోగం ఇంకా రాని ఆ రోజుల్లో నా కాలు ఒకచోట నిలిచేది కాదు. అన్నం తింటూ తింటూ లేచి వాకిట్లోకి పోయి వచ్చేవాణ్ణి. కోయిలకుంట్ల దగ్గర మా ఊళ్ళో, ఇంటిని ఆనుకునే ఉన్న మా కళ్ళంలో నాయన ఒకప్పుడు నడిపిన ముక్కు లారీ (ఇంజను ముందుకు పొడుచుకొచ్చిన పాతకాలం రకం) తుప్పు పట్టి ఉండేది. మోకాళ్ళు అరిగి క్లచ్చి తొక్కలేక దాన్ని నిలబెట్టేశాక, నాయన ఆ వైపు చూసేవాడే కాదు. ఒకరోజు మజ్జిగన్నం కలుపుకుంటూ, నెలాఖరుకు రాజంపేట నుంచి పాత ఇనుము వ్యాపారి వచ్చి దాన్ని కోసి తీసుకుపోతాడని మామూలుగా చెప్పాడు. నా చిన్నతనమంతా ఆ క్యాబిన్లోనే గడిచింది. నేను బాగుచేస్తానన్నాను.

"నడిస్తే ఉండనీ. నడవకుంటే పోతాది," అని నాయన చెయ్యి కడుక్కున్నాడు.

పని తెలిసినవాడు ముందు బ్రేకులు చూస్తాడు, తర్వాత ఇంజను, చివర రంగు. నేను రంగుతో మొదలుపెట్టాను. రంగైతే సాయంత్రానికే కళ్ళకు కనబడుతుంది కదా. ఆ తర్వాత హారన్ బిగించాను (ఊరంతా తిట్టింది). పక్కింటి వెల్డింగ్ మామ, నాయనను బావా అని పిలిచే సాయిబు, వచ్చి చుట్టూ తిరిగి చూసి, "ఏమప్పా, పెండ్లికొడుక్కి పాగా సుట్టినావు, కాళ్ళు యాడుండాయి?" అన్నాడు. అన్నాడే గానీ ఆ రోజు నుంచి షాపు కట్టేసి నాతోనే కూర్చున్నాడు. ఫోన్‌లో హిందీ వీడియో పెట్టుకుని ఇంజను విప్పేవాళ్ళం. ఆ హిందీని మామ తెలుగులో చెబుతూ, నడుమ నడుమ ఆ వీడియో ఆయన్ను తిట్టేవాడు.

వ్యాపారి రేపు వస్తాడనగా ఇంజను పని ముగిసింది. బ్యాటరీ మాత్రం చచ్చి ఉంది. చార్జింగుకు ఇచ్చి వచ్చేదాకా ఆగమన్నాడు మామ. నేనెక్కడ ఆగుతాను? మా సిన్నాయన దగ్గర బండలాగుడు పందేల ఎద్దుల జత ఉండేది. మాకంటే మంచి తిండి తినేవి. వాటిని కట్టి లాగిస్తే, గేరులో వేసి క్లచ్చి వదిలితే చాలు, బ్యాటరీ లేకున్నా ఇంజను అందుకుంటుందన్నాను. సిన్నాయన మీసం దువ్వి గొలుసు తెచ్చాడు. ఊరంతా పందెం చూడ్డానికి వచ్చినట్టే వచ్చి ఈలలేసింది.

అంతమందిలో ఎవరికీ ఒక సంగతి తట్టలేదు. బండ ఎంత లాగినా ఎద్దుల వెనకే ఉంటుంది, దానికి సొంతంగా పరుగెత్తే బుద్ధి లేదు. లారీకి ఉంటుంది. క్లచ్చి వదిలానో లేదో ఇంజను గర్జించి ముందుకు దూకింది. సిన్నాయన నన్నూ నా వంశాన్నీ (అది తన వంశం కూడా) తిడుతూ గొలుసు కొక్కెం ఊడబెరికాడు కాబట్టి సరిపోయింది. ఎద్దులు చేలో పడి పరుగు. నేను బ్రేకు తొక్కాను. పెడలు హాయిగా కిందికి పోయింది. బ్రేకు సామానంతా కిరసనాయిలు బకెట్లో నానుతోందని అప్పుడు గుర్తొచ్చింది. లారీ తిన్నగా పోయి జొన్నచొప్ప వామిలో తల దూర్చి ఆగిపోయింది.

నాయన మోకాళ్ళు పట్టుకుంటూ అరుగు దిగి వచ్చాడు. దెబ్బలు తప్పవనుకుని నేను దిగలేదు. ఆయన వేడెక్కిన బానెట్ మీద చెయ్యి వేసి నిమిరాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"మళ్ళా ఈ సప్పుడు ఇంటాననుకోలేదురా," అన్నాడు.

బ్రేకులు ఏవని అడిగితే బకెట్ చూపించాను. నన్ను పక్కకు జరగమని, గోనెసంచి పరుచుకుని లారీ కిందికి దూరాడు. కింది నుంచే, "ఆ రాజంపేటాయప్పకు ఫోన్ జెయ్. రావద్దని జెప్పు," అన్నాడు.

ఇప్పటికీ పత్తికొండ టమోటా లోడుకు ఆ లారీయే పోతుంది. దాన్ని తోలుతున్నప్పుడల్లా ఆ తిక్క కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. పాపం, ఒక్క పనీ వరసగా చేయలేదు. కానీ ఇప్పటి నాలాంటి నెమ్మదస్తుడైతే, బ్యాటరీ వచ్చేలోపు లారీ రాజంపేట పోయి ఉండేది.